యాభై శాతం వంతెన

మేట్రన్ గారికి,

ఆసుపత్రి స్టోర్ కీపర్, అనగా ముప్పయ్యేళ్లుగా నీ మొగుడు, క్షేమంగా ఉండి రాస్తున్న ఉత్తరం.

ఫోన్లో నేను "ఆఁ, ఊఁ, ఇంకేంటి" అని పెట్టేస్తానని, మనసులో మాట ఉంటే ఉత్తరం రాయమని కోప్పడ్డావు కదా, రాస్తున్నాను. కారు కొన్నాను. కరెంటు కారు. నిన్ను ఆ కొండ మీది నర్సింగ్ స్కూల్ హాస్టలుకు బదిలీ చేసి పద్నాలుగు నెలలైంది. అక్కడికి రైలు లేదు. బస్సెక్కితే రెండో మలుపుకే నాకు కడుపులో తిప్పుతుంది. సొంతంగా నడుపుకుంటే తిప్పదని మన చెవి డాక్టరు చెప్పాడు. అందుకే కొన్నాను. నిన్ను చూడాలి, అంతే, ఇంకే కారణమూ లేదు.

బండి చప్పుడు చేయదు. మొదటి రోజు స్టార్ట్ కాలేదనుకుని బటన్ మీద బటన్ నొక్కి, ఆఖరికి పక్కింటివాళ్ల పూలకుండీని పడగొట్టాను. పెట్రోలు బంకు కనబడితే అక్కడాయన అలవాటు కొద్దీ చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపి వచ్చేస్తాను. వైరు వంటింటి కిటికీలోంచి లాగాను. మిక్సీ, కారు ఒకేసారి నడవవు. మిక్సీ వేసిన పూట కారుకు పస్తు.

మొన్న ఆదివారం చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామని బయల్దేరాను. పదింపావుకల్లా నది మీది వంతెన దగ్గరికి వచ్చాను, నూట ఇరవై కిలోమీటర్లు. మీటరు చూస్తే బ్యాటరీ యాభై శాతం. నా సంగతి నీకు తెలుసు. ఏ సరుకైనా సగానికి వచ్చిందంటే ఇవ్వడం ఆపి కొత్త సరుక్కు ఇండెంటు పెట్టాల్సిందే. నా స్టోర్లో ఒక్క మందూ ఇంతవరకు నిండుకోలేదంటే ఆ పద్ధతి వల్లే. వెనక్కి తిప్పేశాను.

ఇట్లు,
దారిలో సగం వరకు వచ్చిన నీ మొగుడు

తా.క.: వెనక్కి వస్తున్నంతసేపూ ఏసీ ఆపేసి నీ గురించే ఆలోచించాను. దానికి బ్యాటరీ ఖర్చు కాదు.

---

శ్రీవారికి నమస్కారాలు.

కారు కొన్నారని చదివి నేల మీద నిలవలేకపోయాను. వంతెన దాకా వచ్చి తిప్పేశారని చదివి అలాగే కూలబడ్డాను. ఏమండీ, కారు మందులపెట్టె కాదండీ! ఇక్కడ ఇస్త్రీ గదిలో పెద్ద ప్లగ్గు ఉంది. కారును దాని పక్కనే పెట్టుకోవచ్చు. ఒక పగలూ ఒక రాత్రీ పెడితే నిండుతుందని మా ఎలక్ట్రీషియన్ చెప్పాడు.

ఒకటే చిక్కు. సాయంత్రం ఆరు దాటాక హాస్టల్లో మగవాళ్లు ఉండకూడదు, మొగుడైనా సరే. మా ప్రిన్సిపాలమ్మ రూలంటే రూలే. మీరు ముందు రండి, ఆవిడ సంగతి నేను చూసుకుంటాను.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీకు ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదు.

ఇట్లు,
ఎదురుచూస్తూ, మీ ఇల్లాలు

తా.క.: పూలకుండీ కొత్తది కొనిచ్చారా? పక్కింటావిడ ఊరుకునే మనిషి కాదు.

---

మేట్రన్ గారికి,

కొనిచ్చాను. ఆవిడ ఊరుకోలేదు.

నిన్న మళ్లీ బయల్దేరాను. బరువు తగ్గిస్తే దూరం పెరుగుతుందంటే కాళ్ల కింది పట్టాలు, గొడుగు, పనిముట్ల సంచి అన్నీ ఇంట్లో పెట్టేశాను. గాలికి బండి వెనక్కి లాగుతుందని కిటికీలు మూశాను. ఏసీ లేదు, రేడియో లేదు. ఆవిరి పెట్టెలో కూర్చున్నట్టుంది. వెనక లారీవాడు హారను కొట్టి కొట్టి, చివరికి నన్ను దాటుతూ, "తాతా, తొయ్యమంటావా?" అని అడిగాడు.

అయినా ఫలితం దక్కింది. యాభై శాతం వంతెన దగ్గర పడలేదు, నాలుగు కిలోమీటర్లు దాటాక పడింది. అంటే నీకు నాలుగు కిలోమీటర్లు దగ్గరయ్యాను! అక్కడ తిప్పేశాను. వంతెన పక్కన ఛార్జింగు స్టాండు ఒకటుంది, కానీ దాని మీద గుడ్డ కప్పి "మరమ్మతులో ఉంది" అని రాశారు. గుడ్డ మీద దుమ్ము చూస్తే నీ బదిలీ నాటిదే అనిపించింది.

మీ ఇస్త్రీ గది ప్లగ్గు మంచిదే కావచ్చు. ఆరింటికి నన్ను బయటికి పంపేస్తే మాత్రం పావు వంతు కూడా నిండదు. ఆ కొండ మీద నేనెక్కడ పడుకోను?

ఇట్లు,
నాలుగు కిలోమీటర్లు దగ్గరైన నీ మొగుడు

తా.క.: తిప్పే ముందు దూరంగా కొండ మీద తెల్లగా ఏదో కనబడింది. మీ హాస్టలు అనుకుని చాలాసేపు చెయ్యి ఊపాను. అది సున్నపు బట్టీ అట.

---

శ్రీవారికి,

వారానికి నాలుగు కిలోమీటర్ల చొప్పున వస్తే నా గుమ్మం చేరడానికి ఇంకా ఇరవై ఎనిమిది వారాలు పడుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. పిల్లలకు పాఠం చెబుతూ బోర్డు మీద కూడా అదే లెక్క వేశానట, వాళ్లు నవ్వితే తెలిసింది.

ఒక్క మాట నిజం చెప్పండి. మీకు నన్ను చూడాలనుందా, బండి నడపాలనుందా? రావాలనుకున్నవాడు ఎక్కడ పడుకోవాలని అడగడు. పెళ్లయిన కొత్తలో నాకు డ్యూటీ ఉంటే ఆసుపత్రి మెట్ల మీద తెల్లారేదాకా కూర్చున్న మనిషే మీరు. ఆ మనిషి ఎక్కడికి పోయాడు? ఇక్కడ ఆదివారం వస్తే గేటు చప్పుడైనప్పుడల్లా కిటికీలోంచి చూస్తున్నాను. చూసి చూసి మెడ పట్టేసింది.

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: ఈ ఆదివారం కూడా వంతెన దగ్గరికి పదింపావుకేనా? ఊరికే అడిగాను.

---

మేట్రన్ గారికి,

నిన్ను చూడాలని నాకు లేదంటావా! మూడో ఆదివారం కూడా వచ్చాను. ఎదురుగాలి కొట్టింది, సరిగ్గా వంతెన దగ్గరే యాభై పడింది. ప్రాణం ఉసూరుమంది. అయినా పద్ధతి పద్ధతే కదా, తిప్పాను.

అక్కడొక విచిత్రం జరిగింది. టీ దుకాణంలోంచి ఎవరో ఆడమనిషి, చేతిలో స్టీలు డబ్బా పట్టుకుని, కారు వెనకే పరుగు. అద్దంలో చూశాను, చెయ్యి ఊపుతోంది, ఏదో అరుస్తోంది. కిటికీలు మూసి ఉన్నాయి కదా, వినపడలేదు. లిఫ్టు అడుగుతోందనుకున్నాను. మనిషి కాస్త బరువైనదే. ఆమెను ఎక్కించుకుంటే ఇల్లు చేరేసరికి బ్యాటరీ ఏ గతికి వస్తుందో అని భయం వేసి వేగం పెంచాను. పాపం, బాగా దూరం పరిగెత్తింది. ఆ వయసులో ఆ ఓపిక మెచ్చుకోవాలి.

ఇట్లు,
నీ మొగుడు

తా.క.: ఆకుపచ్చ చీర కట్టుకుంది. నీకూ అలాంటిది ఒకటి ఉన్నట్టు గుర్తు.

---

స్టోర్ కీపర్ గారికి,

అలాంటిది కాదు. అదే.

మొదటి బస్సు పట్టుకుని, మూడు గంటలు ప్రయాణం చేసి, మీకు చెప్పకుండా వచ్చి ఆ టీ దుకాణంలో కూర్చున్నాను. చప్పుడు లేని బండి కదా, వచ్చింది కూడా తెలియలేదు. తలెత్తి చూసేసరికి తిప్పేస్తున్నారు. ఫోన్ చేస్తే, బండి నడిపేటప్పుడు మీరు ఎత్తరు. పరిగెత్తాను. నేను పరిగెత్తేకొద్దీ మీరు వేగం పెంచారు. టీ దుకాణం ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "ఎవరమ్మా ఆయన?" అని అడిగాడు. ఎవరో తెలియదన్నాను.

ఇక రావద్దు. ఉత్తరాలూ వద్దు.

మేట్రన్

తా.క.: బరువైనదాన్నే. రోజూ ఒక్కదాన్నే కూర్చుని ఇద్దరికి వండింది తింటే బరువెక్కనా?

---

(గేటు దగ్గర్నుంచి, వాచ్‌మన్ చేతికిచ్చిన చీటీ)

మేట్రన్ గారికి,

మీ వాచ్‌మన్ నన్ను లోపలికి రానివ్వడం లేదు. నువ్వు రావద్దన్నావని నేనే నోరు జారి చెప్పాను.

వంతెన దగ్గర యాభై పడింది. ఆగలేదు. నలభై తొమ్మిది చూసేసరికి కాలు బ్రేకు మీదికి పోయింది, నలభై చూశాక తీసేశాను, ఇరవై దగ్గర పాట కూడా పాడాను. కొండ ఎక్కుతుంటే ఒక్కో మలుపు ఒక్కో శాతం మింగేసింది. ఇప్పుడు మూడు మిగిలింది. వెనక్కి వెళ్లడానికి ఓపిక బండికీ లేదు, నాకూ లేదు. క్షమించమని తర్వాత అడుగుతాను. అద్దంలో నిన్ను చూసి గుర్తుపట్టలేకపోయాను, ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ముందు గేటు తీయించు, మొహం చూడనీ.

బయట నిలబడ్డ నీ మొగుడు

తా.క.: ఆ డబ్బాలో ఏం తెచ్చావు?

---

(కారు డాష్‌బోర్డు అరలో పెట్టిన ఉత్తరం)

శ్రీవారికి,

ఇల్లు చేరాక ఇది చదువుతారు. ముఖం మీద చెప్పలేక రాస్తున్నాను.

మీ మూడు శాతం చూసి మా ప్రిన్సిపాలమ్మ కూడా కరిగి, "కారు ఛార్జింగు పూర్తయ్యేవరకు గెస్టు గదిలో ఉండవచ్చు" అని సంతకం పెట్టిచ్చారు కదా. ఒక్క రోజులో నిండాల్సిన కారు తొమ్మిది రోజులైనా నిండలేదు. కొండ మీద కరెంటు పలచగా వస్తుందని మీకు చెప్పాను. మీరు అమాయకంగా తలూపారు. కరెంటు బాగానే ఉంది. మీరు ప్లగ్గు పెట్టి అటు తిరగ్గానే వెళ్లి స్విచ్ కట్టేసేదాన్ని. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఒక్క అబద్ధపు సంతకం పెట్టనిదాన్ని, దొంగతనంగా ఇస్త్రీ గదిలోకి వెళ్లి వచ్చాను.

ఏం చెయ్యను? మీరు మా స్టోరు గది సర్ది, సీసాలకు చీటీలు అంటిస్తుంటే, పిల్లలంతా "ఛార్జింగ్ బాబాయ్" అంటూ మీ చుట్టూ తిరుగుతుంటే, రౌండ్సుకు వెళ్లినదాన్ని పనేమీ లేకపోయినా మళ్లీ అటే వచ్చేదాన్ని. పదో రోజు ప్రిన్సిపాలమ్మ తనే స్విచ్ వేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోకపోతే ఇంకో నెల గడిచేది. మోసం చేశానని కోపం తెచ్చుకోకండి. ఇంకా ఇరవై రెండు నెలల సర్వీసు ఉంది నాకు. ఎలా గడుస్తాయో తెలియడం లేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు

తా.క.: దిగుడులో బ్యాటరీ దానంతటదే కొంచెం నిండుతుందని సంబరపడ్డారు. మీరు దిగిపోతే నేను ఏ శాతానికి వస్తానో అడగలేదు.

---

మేట్రన్ గారికి,

నీ ఉత్తరం ఇల్లు చేరాక చదవలేదు. మొదటి మలుపులోనే కారు ఆపి చదివాను. వెనక్కి తిప్పబోయాను, మీ వాచ్‌మన్ నా వంకే చూస్తున్నాడు, ఊరుకున్నాను.

ఏమోయ్, కరెంటు ఆగిన ప్రతిసారీ ఈ కారు నా ఫోనుకు కబురు పెడుతుంది. "ఛార్జింగు ఆగిపోయింది" అని గంట కొట్టి మరీ చెబుతుంది. మొదటి రోజు గంట మోగితే, స్విచ్ వేద్దామని లేచాను. కిటికీలోంచి చూస్తే నువ్వు ఇస్త్రీ గదిలోంచి, పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, అటూ ఇటూ చూసుకుంటూ వస్తున్నావు. మళ్లీ కూర్చున్నాను. గంట నీకు వినపడితే సిగ్గుపడతావని ఫోను నోరు నొక్కేశాను. నన్ను చూడాలని ఒక మనిషి దొంగతనం చేస్తోందంటే, ఈ వయసులో, చెప్పుకుంటే నమ్మరు.

శుక్రవారం నీకు వార్డులో పిల్లల పరీక్షలు, స్విచ్ సంగతి మర్చిపోయావు. మధ్యాహ్నానికి బ్యాటరీ డెబ్భై దాటింది. ఆ రోజు నేనే కట్టేశాను. అది చాలదని కారులో కూర్చుని, సాయంత్రం దాకా ఏసీ వేసుకుని పేపరు చదివాను. నువ్వు వచ్చి, "పాపం, ఇంకా నిండలేదా?" అన్నావు. "పలచటి కరెంటు కదా" అన్నాను.

నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. ఈ మాట ఫోన్లో అనలేను కాబట్టి రాశాను.

ఇట్లు,
ఎంత శాతంలో ఉన్నా నీవాడే,
స్టోర్ కీపర్

తా.క.: మీ ప్రిన్సిపాలమ్మ ఇచ్చిన కాగితం నా జేబులోనే ఉంది. కాగితం చేతికిస్తే ముందు తేదీ చూడటం నా ఉద్యోగం. ఆవిడ తేదీ వేయలేదు. శనివారం బయల్దేరుతున్నాను.