గోడవార జిల్లేడు

అత్తయ్యగారికి,

విడాకుల కాగితాల మీద సంతకం పెట్టాక ఈ పిలుపు నాకు మిగిలిందో లేదో తెలియదు. వేరే పిలుపేదీ చేతికి రాలేదు, ఇదే రాశాను.

పెరట్లో గోడవార జిల్లేడు నడుమెత్తు లేచింది. పక్కింటావిడ "పాడుబడ్డ కొంపలా ఉంది, పీకించెయ్యండీ" అంటూనే ఉంది. నేను వినలేదు. మళ్లీ సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెట్టాయి. మొదటిసారి ఆ గుడ్లలోంచి వచ్చిన చారల పురుగుల్ని చూసి మీరు చీపురుపుల్లతో సబ్బునీళ్లలోకి దులిపేశారు, గుర్తుందా? "అయ్యో, అవే సీతాకోకచిలుకలు అత్తయ్యా!" అని నేను అరిస్తే, "ముందే చెప్పొద్దుటే? హత్యలు చేయించావు కదే నా చేత!" అన్నారు. మర్నాటి నుంచి కుర్చీ వేసుకుని పక్కింటావిడ కత్తెర బారిన పడకుండా వాటికి కాపలా కాశారు.

ఆయన వెళ్లిపోతే ఏడ్చాను. కానీ తన సామాన్లతో పాటు మిమ్మల్నీ తీసుకెళ్లిపోయారు చూడండి, దానికి ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్లు ఒకే వంటింట్లో మసిలాం. మనిద్దరికీ విడాకులు ఎవరిచ్చారు?

మీ గది ఖాళీగానే ఉంది. ఆదివారం కారు తీసుకొస్తాను. వచ్చేయండి, నాతోనే ఉండిపోండి. అడగడం తప్పేమో. అయినా అడుగుతున్నాను.

మీ కోడలు

*

అత్తయ్యా,

ఆదివారం మీరు సంచీ సర్దుకుని గుమ్మంలోనే నిలబడి ఉంటే నా కళ్లను నేనే నమ్మలేదు. మీ అబ్బాయి గదిలోంచి బయటికి రాలేదు. ఆయన కట్టుకోబోయే ఆ అమ్మాయి మాత్రం "మందులు సంచీలో పెట్టానండీ" అంది మెల్లగా. ఆమెను ద్వేషించడం కూడా ఆ క్షణంలో నాకు చేతకాలేదు.

పెట్రోలు బంకు దాటాక, "ఆపవే" అన్నారు. "వాడు పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు."

"తినిపించడానికి అక్కడ మనిషి ఉంది కదండీ."

"ఉందనుకో. అయినా... నువ్వు జిల్లేడు మొక్కవే తల్లీ. నీళ్లు పోసినా పొయ్యకపోయినా బతికేస్తావు. వాడలా కాదు."

మెచ్చుకునే అన్నారు. అంటూ నా బుగ్గ కూడా నిమిరారు. కారు వెనక్కి తిప్పి మిమ్మల్ని దింపి వచ్చాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆయన కూడా ఇదే అనుకుని నిశ్చింతగా గడప దాటారా? బతకగలగడమే నా తప్పా?

మళ్లీ అడగను. మీరు బాధపడకండి. చూడాలనిపిస్తే కబురు చేయండి, వస్తాను.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా పెరట్లోకి వెళ్లి జిల్లేడు మొదట్లో బిందెడు నీళ్లు పోశాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "దానికి నీళ్లెందుకండీ, అదే బతుకుతుంది" అంది.

ఇంకో బిందె తెచ్చి పోశాను.

ఉంటాను,
మీ కోడలు