ఐదో గాలి పేరు

నవంబరు 4, మంగళవారం.

నాన్నా, పొద్దున్న కంప్యూటరు నేర్పే సెంటర్లో నా ఫైలు తెరిస్తే నా స్లయిడ్లు లేవు. నువ్వు నేర్పిన ఐదు గాలుల పేర్లు, స్లయిడుకొకటి, నిన్నంతా కూర్చుని టైపు చేశాను. రేపు పదింటికి అందరి ముందూ చూపించాలి.

నిన్న లేచి వస్తుంటే, సేవ్ చేయాలా అని అది అడిగింది. సముద్రం మీద వేటకి బయల్దేరేవాళ్లని అపశకునమని మనింట్లో ఏమీ అడగం కదా! చిరాకేసి, వద్దని నొక్కేశాను.

ఆ మాటే చెబితే, "ఒసే, నువ్వెక్కింది పడవనుకున్నావేటే?" అని సెంటర్ మేడమ్ తల పట్టుకుంది.

నాలుగు పేర్లు గుర్తొచ్చాయి. ఐదోది ఎంతకీ రావడం లేదు. అమ్మని అడిగితే, "నాకెప్పుడు సెప్పాడే? అన్నీ నీకే సెప్పేవోడు" అంది.

నువ్వు ఆఖరిసారి వేటకి వెళ్లిన రోజు కూడా నేనేమీ అడగలేదు.

రేపు తెల్లారేసరికి ఒడ్డుకి వెళ్తాను. వెళ్లేవాళ్లని అడగను. రాత్రి వేటకెళ్లిన మావయ్య పడవ తిరిగొచ్చేదాకా నిలబడి, ఆ ఐదో పేరు అప్పుడు అడుగుతాను.