రాయితీ అరలో ఎక్కువైన పెట్టె

శ్రీ ద్వారకానాథ్ గారికి,
మందుల కొనుగోలు, నిల్వల తనిఖీ అధికారి,
ఆసుపత్రి ఫార్మసీ విభాగం, పెర్త్.

అయ్యా,

విషయం: ప్రభుత్వ రాయితీ మందుల అరలో ఉండవలసిన దానికంటె ఒక పెట్టె ఎక్కువ ఉండుట, అందుకు కారణం నేనే అగుట, తన్మూలంగా నా శిక్షణ నివేదికపై తమ సంతకం ఆగిపోవుట గురించి.

నేను తమ ఫార్మసీలో శిక్షణ పొందుచున్న విద్యార్థినిని. కానింగ్ వేల్ నివాసిని. వయసు నలభై దాటినది. యూనివర్సిటీలో చేరిన మొదటివారం తోటి పిల్లలు నన్ను చూసి లెక్చరర్ అనుకొని ఫోన్లు దాచుకున్నారు. జరిగినదానిపై నేను ఇంగ్లీషులో ఇచ్చిన వాంగ్మూలం గురించి తమరు నిన్న కారిడార్‌లో ఆపి, "వసుంధర గారూ, మీ స్టేట్‌మెంట్ తిరగేసి మరగేసి చదివానండీ. అన్నీ రూల్స్ నంబర్లే. అసలేం జరిగిందో అందులో లేదు. హాయిగా తెలుగులో రాసుకురండి, చూద్దాం" అని సెలవిచ్చిన మీదట, ఈ అర్జీ సమర్పించుకొనుచున్నాను.

1. మన స్టోర్‌రూంలో ఒకే మందుకు రెండు అరలున్న సంగతి తమకు తెలియనిది కాదు. వాటి మీద బోర్డులు తమరు పెట్టించినవే. ఒక అరలోది ప్రభుత్వ రాయితీ పథకం కింద కొన్నది. బయటి రోగులకు, డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళేవారికి మాత్రమే. రెండో అరలోది ఆసుపత్రి సొంత ఖర్చుతో, వార్డులో పడుకున్నవారి కోసం కొన్నది. మందు అదే, కంపెనీ అదే, పెట్టె మీద బొమ్మ కూడా అదే. అయినా ఒక అరలోది రెండో అరలోకి పోరాదు. చేరిన రోజే ఈ నియమం నా చేత చదివించి సంతకం తీసుకున్నారు గనుక, తెలియదని చెప్పుకునే దారి నాకు లేదు.

2. సోమవారం కూడా సెలవైన లాంగ్ వీకెండ్ శనివారం మధ్యాహ్నానికి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు వార్డు అరలో నిండుకున్నవి. లారీ మంగళవారం గాని రాదు. మోకాలి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు సాయంత్రం మోతాదు పడాలి. వార్డు నర్సు ఎల్సా, నరసాపురం మనిషి, స్వయంగా కిందికి దిగి వచ్చింది.

"అక్కా, ఒక్క పెట్టె ఇటు పడెయ్యవా. ఆరింటికి ఆయనకి పొడవాలి."

"వార్డు అర ఖాళీ అమ్మా. ఈ పక్క అరలోవి ఇవ్వకూడదు."

"ఏం, ఈ అరలోవి పని చెయ్యవేంటి?"

"చేస్తాయి. రూలు ఒప్పుకోదు."

"అయితే నువ్వే పైకొచ్చి ఆయనకా రూలు చదివి వినిపించు. చెవుడు, కాస్త గట్టిగా చదువు."

మందు, మోతాదు డ్యూటీ ఫార్మసిస్టు సరిచూసి సంతకం చేసినవే. ఏ అరలోంచి తీయాలన్నదొక్కటే నాకు మిగిలింది. అటువంటప్పుడు తమ ఆఫీసుకు ఫోన్ చేసి అనుమతి అడగవలెనని నియమం. చేయలేదు. శనివారం పూట ఎవరెత్తుతారులే అనుకున్నాను. ఎత్తితే వద్దంటారేమోనని కూడా అనుకున్నానేమో, ఇప్పుడు గట్టిగా చెప్పలేను. రాయితీ అరలోంచి ఒక పెట్టె తీసి చేబదులుగా ఇచ్చాను.

3. చేబదులుకు మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉన్నది. పక్కింటి నుంచి గ్లాసుడు కాఫీపొడి తెచ్చుకుంటే, తిరిగిచ్చేటప్పుడు అంచుదాకా కాదు, గోపురంగా పోసి ఇస్తాం. సరిగ్గా అంతే ఇస్తే కొలుచుకున్నట్టుంటుంది, మర్యాదగా ఉండదు. మంగళవారం లారీ దిగగానే, కొత్తగా వచ్చిన వార్డు సరుకులోంచి ఒక పెట్టె తెచ్చి రాయితీ అరలో పెట్టాను. చెయ్యి ఊరుకోలేదు. పక్కన ఇంకొకటి పెట్టింది. తీసుకున్నది ప్రభుత్వంవారి దగ్గర గదా, ఇంకాస్త మర్యాదగా ఇద్దామని. ఇప్పుడు తలచుకుంటే నెత్తి కొట్టుకోవాలనిపిస్తుంది గాని, ఆ క్షణాన మాత్రం మహా తృప్తిగా ఉండినది.

4. ఆ వారమే తనిఖీ వచ్చింది. రాయితీ కింద ఎన్నడూ కొనని బ్యాచ్ పెట్టెలు రాయితీ అరలో కూర్చుని ఉన్నాయి. మన స్టోర్స్ సూపర్‌వైజర్ క్రిస్, కోపమన్నది ఎరగని ఆస్ట్రేలియన్, కుర్చీలో కూలబడి ఇంగ్లీషులో అన్న మాటలకు తెలుగు ఇది: "తగ్గితే ఫారం ఉంది, వసూ. పగిలింది, పోయింది, గడువు తీరింది, ఏదో ఒక గడిలో టిక్ పెడతాం. ఎక్కువైతే ఫారమే లేదు. నేను చేరినప్పట్నుంచీ ఈ అరలో ఎవరూ ఎక్కువ పెట్టలేదు!"

5. నా నివేదికలో 'సంతృప్తికరం' అన్న గడి నాటి నుంచి ఖాళీగా ఉన్నది. సెమిస్టర్ ముగిసేలోగా అది నిండకపోతే నాకు డిగ్రీ రాదు. మళ్ళీ శిక్షణకు చోటు వచ్చే ఏడాది గాని దొరకదు. క్రిస్ జాలిపడి, "లెక్కలో పొరపాటు అని రాసెయ్, సంతకం అయిపోతుంది" అన్నారు. ఎల్సా ఇంకో అడుగు ముందుకేసి, "నా పేరు రాసెయ్యక్కా. పర్మనెంటు నర్సుని, నన్నేం పీకుతారు" అన్నది. ఇద్దరూ మంచివారే. కాని లెక్క తప్పలేదండీ. రెండు అరలూ లెక్కపెట్టినది నేనే, సరిగ్గానే పెట్టాను. పొరపాటని రాస్తే తమరు లెక్కపెట్టేవారిని మారుస్తారు. వరుస సెలవుల ముందు వార్డు అర ఎందుకు ఖాళీ అయిందని మాత్రం ఎవరూ అడగరు. ఇది నిజాయితీయా, ఈ వయసులో పట్టుకున్న మొండితనమా అన్నది నాకే అనుమానంగా ఉన్నది. ఇంట్లో అడిగితే రెండోదే అన్నారు.

6. కావున ప్రార్థించునది ఏమనగా, జరిగినది జరిగినట్టే నమోదు చేయించి, రెండూ వార్డు సరుకే గనుక ఆ రెండు పెట్టెలను వార్డు అరకు చేర్పించి, ఆ పైన నా నివేదికపై అవునో కాదో ఏదో ఒకటి వ్రాయించవలెను. కాదన్నా తట్టుకోగలను. ఖాళీ గడిని చూస్తూ కూర్చోలేకున్నాను.

ఇంతదాకా ఓపిగ్గా చదివిన తమరే మిగతాది కూడా చిత్తగించవలెను.

ఫోన్ చేయవలసిన చోట చేయనిదైనను,
తమ విధేయురాలు,
వసుంధర

తా.క.: దీన్ని మా అమ్మాయి తన్మయికి చదివి వినిపించాను. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. అంతా విని, "మమ్, యూ నెవర్ సెడ్ సారీ" అంది. మొదటి నుంచి చూసుకున్నాను, నిజమే, ఎక్కడా లేదు. ఫోన్ చేయనందుకు క్షమించమని అడుగుతున్నానండీ, మనస్ఫూర్తిగానే. పెట్టె ఇచ్చినందుకు కూడా అడుగుదామని పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రాలేదు. అడిగిన మనిషీ అడగలేని మనిషీ ఒకరే గనుక, పాసు చేస్తే ఇద్దరినీ కలిపే చేయండి.