పేక వదులు

తమ్ముడికి,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు వేరుపడి ఊరవతల సొంత మిల్లు పెట్టుకున్నాక నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. పని పడబట్టే రాస్తున్నాను.

సోమవారం నాన్న మిల్లుకి కొత్త చొక్కా వేసుకుని వచ్చారు. అది మన గుడ్డ కాదు. బట్టల మూట భుజానేసుకుని వీధివీధీ తిరిగిన ఆయన రెండు పాత మరమగ్గాలు కొని, వాటిని మూడొందలు చేశారు. ఇన్నేళ్లలో ఆయన ఒంటిమీద బయటి గుడ్డ ఎవరూ చూడలేదు.

"ఎక్కడిది నాన్నా?" అన్నాను.

"బజార్లో కొన్నాను. వాడిది," అన్నారు.

"ఇక నా గడప తొక్కొద్దు" అని నీతో అన్నాక, ఈ మూడేళ్లలో ఆయన నోట నీ ఊసు రావడం ఇదే మొదలు.

చొక్కా అంచు వేళ్ల మధ్య నలిపి చూసుకుంటూ, "పడుగు బాగుంది. పేకే వదులు. రెండు ఉతుకులకి సాగిపోతుంది. వాడికి చెప్పేవాళ్లే లేరా?" అన్నారు.

"నేను చెప్తాలెండి."

"నువ్వు చెప్తే వింటాడా? నేనే వెళ్తాను."

గురువారం పొద్దున పదింటికి అక్కడికి వస్తారు. నిన్ను చూడటానికే వచ్చానని ఛస్తే ఒప్పుకోరు. నువ్వూ అడక్కు. గేటు దగ్గర హడావిడి చెయ్యకుండా మగ్గం పక్కన నిలబడు. మగ్గం మాత్రం ఆపకు. చప్పుడు లేని చోట మనసులో మాట చెప్పడం నాన్నకి ఇప్పటికీ చేతకాదు.

అక్క