మధ్యాహ్నం పన్నెండు గంటల వాసన

జమ్మలమడుగు,
మే 4

టీచరమ్మగారికి నమస్కారాలు.

మీరు ఫోన్ వాడనన్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ ఇంట్లో అద్దెకు దిగి పన్నెండు రోజులైంది. ఇల్లు బాగుంది, నీళ్ళు బాగున్నాయి. కానీ పాత సామాను ఉందని మీరు తాళం వేసి వెళ్ళిన వెనక గదిలోంచి రోజూ మిట్టమధ్యాహ్నం ఏదో వాసన బయలుదేరుతోంది. ముందు గడప దగ్గర, తర్వాత నడవాలో, ఆ తర్వాత వంటింట్లో సరిగ్గా నా వీపు వెనక. ఎవరో నడిచి వస్తున్నట్టే ఉంటుంది.

మా ఆయన యోగేష్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతారు, వారానికోసారి వస్తారు. ఆయనకు చెబితే, "పట్టపగలు దయ్యమేందే? రాత్రి డ్యూటీ మానుకున్యాదా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఖాళీ చేసి పులివెందులలో మా అమ్మ దగ్గరికి పోదామనుకుంటున్నాను.

వణుకుతూ,
సుకన్య

తా.క.: నిన్న ఆ వాసన పప్పులోకి కూడా వచ్చింది. పప్పు పారబోశాను. గిన్నె కూడా.

ప్రొద్దుటూరు,
మే 7

సుకన్యకు దీవెనలు.

నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన మనిషిని. దయ్యాలు లేవు. ప్రతి వస్తువులోనూ కంటికి కనిపించనంత చిన్న రేణువులుంటాయి. అవి క్షణం ఊరుకోవు, కదులుతూనే ఉంటాయి. ఒక వస్తువులోంచి తప్పించుకున్న రేణువులు గాలిలో చెదిరి నీ ముక్కు దాకా వస్తే, దాన్నే మనం వాసన అంటాం. తలుపు కింద సందు చాలు వాటికి. ధైర్యంగా ఉండు.

ఇట్లు,
ఖమ్రున్నీసా

తా.క.: ఆ తలుపు మాత్రం తీయొద్దు.

జమ్మలమడుగు,
మే 10

టీచరమ్మగారికి నమస్కారాలు.

మీ ఉత్తరంతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. ఇన్నాళ్ళూ వాసనే కదా అనుకున్నాను. లోపలున్నదే ముక్కలు ముక్కలుగా నా ముక్కులోకి వస్తోందని ఇప్పుడు తెలిసింది! ఇప్పటికి ఎంత భాగం నాలో చేరిందో? పక్కింటి జానీబీని అడిగితే, "ముక్కుకు గుడ్డ కట్టుకోమ్మా, సగమన్నా ఆగుతాది" అంది.

తలుపు కింద తడిగుడ్డ కుక్కాను. నిన్న వాన పడింది, వాసన రాలేదు. పీడ పోయిందని కొబ్బరికాయ కొట్టాను. ఈరోజు ఎండ కాసింది, రెండింతలై వచ్చింది. కొబ్బరికాయ కొట్టినందుకు కోపం వచ్చినట్టుంది.

దిక్కుతోచని,
సుకన్య

తా.క.: ప్రతి వస్తువులోనూ రేణువులు కదులుతాయన్నారు. మంచంలో కూడానా? మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నేల మీద పడుకుంటున్నాను. నేల సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది.

ప్రొద్దుటూరు,
మే 12

సుకన్యకు దీవెనలు.

మంచం మీదే పడుకో. ఘనపదార్థంలో రేణువులు బెంచీల మీద కూర్చోబెట్టిన పిల్లల్లాంటివి. కాళ్ళు ఊపుతాయి, చోటు వదలవు. ద్రవంలో అయితే ఇంటర్వెల్లో పిల్లల్లా తోసుకుంటూ జారుతుంటాయి, గుంపు విడవవు. వాయువులో చివరి గంట కొట్టాక పిల్లల్లా ఎవరి దారిన వాళ్ళు పరుగు.

వేడి తగిలితే రేణువులన్నిటికీ హుషారు ఎక్కువవుతుంది. ఆ గదికి రేకుల కప్పు. లోపల ఏదో ద్రవం ఉండి, ఎండవేడికి ఆవిరై లేస్తోంది. వాన రోజు చల్లబడింది కాబట్టి తగ్గింది. అంతే.

ఇట్లు,
ఖమ్రున్నీసా

తా.క.: అది వట్టివేరు అత్తరు వాసనలా ఉంటుందా? సైన్సు కోసమే అడుగుతున్నాను.

జమ్మలమడుగు,
మే 19

టీచరమ్మగారికి నమస్కారాలు.

వట్టివేరే! మీకెలా తెలిసింది? అది చదువుతుండగానే గదిలో 'ఠక్'మని చప్పుడు. నా అరుపుకు జానీబీ పరుగెత్తుకొచ్చింది. "ఎవురుండారు లోపల? పలుకుతారా, పగలగొట్టేదా?" అని కేకేసింది. వెంటనే రుబ్బురోలు పొత్రంతో తాళం పగలగొట్టింది. నేను ఆమె వెనక కళ్ళు మూసుకుని నిలబడ్డాను.

"కండ్లు తెరువు. ఈడ పెట్టె తప్ప ఏం లేదు" అంది.

మళ్ళీ ఠక్‌మంది. పైకి చూస్తే రేకు! ఎండకు సాగి, మేకుల దగ్గర చప్పుడు చేస్తోంది. కింద ఇనుప పెట్టె మీద పెద్ద అత్తరు సీసా. బిరడా చీలిపోయి ఉంది, అడుగున వేలెడు అత్తరు మిగిలింది. అంతా మీరు చెప్పినట్టే! కొత్త బిరడా బిగించాను. నాలుగు రోజులుగా వాసన లేదు. ఇల్లు ఖాళీ చేయను. మీ పాఠమే నన్ను నిలబెట్టింది.

ధైర్యంగా ఉన్న,
సుకన్య

తా.క.: మీ మాట కాదని తాళం పగలగొట్టినందుకు క్షమించండి. పొత్రం కూడా పగిలింది.

ప్రొద్దుటూరు,
మే 22

సుకన్యకు దీవెనలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక నిజం చెప్పక తప్పదు. ఆ అత్తరు మా అత్త మైమూన్ బీది. ఇరవై ఏళ్ళలో ఆమెకూ నాకూ ఒక్కరోజు పడలేదు. ఆమె పోయాక మొదటి ఎండాకాలం, ఆ గదిలోంచి ఆమె వాసన వచ్చింది. మిగిలిన పోట్లాట పూర్తి చేయడానికి తిరిగొచ్చిందనుకున్నాను. తాళం వేసి, ఇక్కడ మా చెల్లెలు ఆసియా ఇంటికి వచ్చేశాను. మూడేళ్ళైంది.

"అంత సైన్సు చెప్పినావు, ఒక తలుపు తీసి చూడలేవా అక్కా?" అని ఆసియా రోజూ అంటుంది. చూడలేకే, వేరేవాళ్ళకూ ఆ వాసన వస్తుందేమో తెలుసుకోవాలని నీకు అద్దెకిచ్చాను. నన్ను క్షమించు. ఆ పాఠాలన్నీ నీకు రాస్తున్నట్టు నాకు నేనే చెప్పుకున్నాను తల్లీ. నమ్మింది మాత్రం నువ్వు.

శుక్రవారం బస్సుకు వస్తాను. గదిలోకి ముందు నువ్వు నడువు. నీ వెనక నేనొస్తాను.

ఇట్లు,
నీ విద్యార్థిని,
ఖమ్రున్నీసా

తా.క.: అత్తరు సంగతి తేలింది, సంతోషం. మరి నేనున్నప్పుడు ఆ గదిలో రోజూ సాయంత్రం వినిపించిన దగ్గు ఏ రేణువులది? నీకూ వినపడుతుంటే వెంటనే రాయి. వినపడకపోయినా రాయి.