పిచ్చిమొక్కలట, అవ్వా!

అవ్వా, నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు పెట్టే విస్తట్లోకి గురుగాకు పప్పు చేద్దామని కనగానపల్లి వచ్చి, మన చేని పక్క బీడులోకి దిగాను. గుప్పెడాకు కోయకముందే జేసీబీ వచ్చింది. అక్కడేదో షెడ్డు కడతారట.

ఒళ్ళు మండి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగక్కా, ఏముండాది ఈడ? అంతా పిచ్చిమొక్కలే కదా," అన్నాడు డ్రైవరు.

"మనిషి నాటకపోతే అంతా పిచ్చిదేనా? ఒక్కోదానికీ ఒక్కో పేరుండాదప్పా! మా అవ్వ వీటితోనే మమ్మల్ని సాకింది."

"అట్లనా? చెప్పు మరి, వింటా," అని ఇంజిను ఆపేశాడు. వెటకారం కాదు, నిజంగానే వినాలనుకున్నాడు.

గురుగు చూపించాను. చెంచలాకు, తుమ్మి చెప్పాను. నాలుగోదాని పేరు గుర్తు రాలేదు. పసుపుపచ్చ పూలది, నా మోకాలు చీరుకుపోతే ఆకు నలిపి రసం పిండావే, అది. దాని పక్కదీ తెలియలేదు, ఆ పక్కదీ తెలియలేదు. నువ్వు చూపించి చెబుతుంటే నేను ఫోన్ చూస్తూ ఊకొట్టాను కదా.

ఇంకో పేరు చెబుతానేమోనని చూసి, అతను మళ్ళీ ఇంజిను వేశాడు.

ఇంటికొచ్చేదాకా అతన్ని తిట్టుకుంటూనే ఉన్నానవ్వా. పక్కకు జరిగింది మాత్రం నేనే.