పెన్సిల్ రెండుసార్లు తట్టిన హిల్డా

హాలిఫాక్స్ పట్టణం, పదకొండో నంబరు ఇంట్లో ఉంటున్న ఎనిడ్ మర్గట్రాయిడ్ అను నేను, డెబ్బయ్యారేళ్ల వయసులో, నిండు తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇదివరకు రాసినవన్నీ రద్దు. అక్షరాలు వంకర పోతున్నాయంటే కారణం ముసలితనం కాదు, పట్టలేని సంబరం. నిన్న బజారులో ఉన్ని కొట్టు దగ్గర హిల్డా కనబడింది! బతికే ఉంది! ఇప్పుడు నా వంటింట్లో టీ తాగుతోంది!

1. నా నిఘంటువు మా అన్న కొడుకు క్లైవ్‌కు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా వాడిదే. వాడు రాసిన ప్రతి ఉత్తరంలోనూ 'అక్కడ' అనాల్సిన చోట 'వాళ్ల' అని ఉంటుంది. ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలుకుతాయట! పలికితే పలకనీ, రాసేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నాడు?

2. నా ఊదారంగు కోటు పక్కింటి ఆవిడకు. "ఆ కోటు నాకైతేనా, ఎనిడ్!" అని ఇరవై చలికాలాలు నా ప్రాణం తీసింది. తీసుకో తల్లీ, కింది గుండీ మాత్రం మార్చుకో.

3. ఒకేలా వినిపించి వేరుగా రాసే ఇంగ్లీషు మాటల జంటలు, ఆరువందల పన్నెండు చీటీలున్న చెక్కపెట్టె, హిల్డా గ్రీన్‌వుడ్‌కు. ఎందుకో కూడా రాయాలి.

మేమిద్దరం పనిచేసిన అచ్చాఫీసులో హిల్డా రాతప్రతి పైకి చదివేది, నేను అచ్చుప్రతి దిద్దేదాన్ని. చెవికి తేడా తెలియని మాట వస్తే ఆమె పెన్సిల్‌తో బల్ల మీద తట్టాలి. గోడ మీది పట్టీలో అలాంటి మాటలు జంటలుగా ఉండేవి: జంటలో మొదటి మాటకు ఒకసారి, రెండో మాటకు రెండుసార్లు. 1953లో ఓ ప్రధానాధ్యాపకుడి మరణవార్తలో ఆయన 'ప్రిన్సిపల్' హోదాకు బదులు, అలాగే పలికే, 'సూత్రం' అనే అర్థమొచ్చే మాట పడింది. ఊరంతా నవ్వింది. ఆయన భార్య ఏడ్చింది. హోదా మాట ఆ జంటలో రెండోది; హిల్డా ఒక్కసారే తట్టిందని నేను యజమానికి చెప్పాను. ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు.

నేను చెప్పింది అబద్ధం. హిల్డా రెండుసార్లు తట్టింది. ఆ క్షణంలో నేను కిటికీలోంచి ఎదురు దుకాణంలోని టోపీని చూస్తున్నాను. మర్నాటి నుంచే ఈ చీటీలు రాయడం మొదలుపెట్టాను.

4. మూడో నిబంధన మారింది. ఇప్పుడే హిల్డాకు చదివి వినిపించాను. "ముప్పై ఒక్కేళ్లు పట్టిందా నీకు, మొద్దు మొహమా?" అంది. సిగ్గు లేకుండా ఏడ్చేశాను. సాక్షి సంతకం తనే పెడతానంది. సాక్షిగా ఉంటే పెట్టె దక్కదు, చట్టం ఒప్పుకోదు అన్నాను. "నీ పెట్టె నాకెందుకే? నా తప్పు లేదని రాసి నువ్వు సంతకం పెడుతుంటే నేను కళ్లారా చూడాలి" అంది. కాబట్టి పెట్టె ఊరి గ్రంథాలయానికి. చూస్తోంది, పెడుతున్నాను.

1984 మార్చి 9, శుక్రవారం

సంతకం: ఎనిడ్ మర్గట్రాయిడ్

సాక్షులు:

ఆల్ఫ్ రష్‌వర్త్. వృత్తి: పాలు పోయడం. గేటు దగ్గర నుంచి పిలిచాం.

హిల్డా గ్రీన్‌వుడ్. వృత్తి: అచ్చాఫీసులో రాతప్రతి చదవడం, తప్పు లేకుండా.